కాళ్ళతో ఆడే బేరం

ప్రశ్న: వచ్చే నెలలో నేనూ మావారూ ఇస్తాంబుల్, కైరో, మరాకేష్ వెళ్తున్నాం. అక్కడి బజార్లు చూడాలని ఎంత ఆశో, బేరం ఆడాలంటే అంత బెరుకు. భాష రాదు, ఎంతకు అడగాలో తెలియదు. కిందటేడు బ్యాంకాక్‌లో ఒక గుడ్డ సంచీ కొన్నాను. రెండు వరసలు దాటేసరికి అదే సంచీ సగం ధరకి వేలాడుతోంది. మావారిది మరో రకం. దేన్నయినా చెప్పినదాంట్లో సగానికి అడుగుతారు, అందులో వంకలు పెడతారు, చివరికి కొనకుండా వచ్చేస్తారు. పక్కన నిలబడ్డ నాకు తల కొట్టేసినట్టుంటుంది. పొట్టకూటికి అమ్ముకునేవాళ్ళ దగ్గర గీచి గీచి బేరమాడటం న్యాయమేనా అని కూడా అనిపిస్తుంది. ఆపై ఏడాది వియత్నాం ఆలోచన ఉంది. కాస్త వివరంగా చెప్పండి.

జవాబు: మీ ఇద్దరి కష్టానికీ మూలం ఒకటేనండి. ధర తెలియక మీరు ఎక్కువిచ్చారు, ధర తెలియకే ఆయన సగానికి అడుగుతున్నారు. వస్తువు ఎంత చేస్తుందో తెలిసినవాళ్ళకి భాష రాకపోయినా, నోరు పెగలకపోయినా బేరం తెగుతుంది. అది తెలియనివాళ్ళు ఎంత మాటకారులైనా అవతలివాళ్ళు గీసిన గీత లోపలే తిరుగుతారు.

ముందు ఆ సగం సూత్రం సంగతి చూద్దాం. ప్రయాణికులందరూ ఒకరికొకరు చెప్పుకునే సలహా అది, కాబట్టి దుకాణదారులకీ కంఠతా వచ్చు. వంద చేసే వస్తువుకి నాలుగొందలు చెప్తారు. మీరు రెండొందలు అనగానే గుండె మీద చెయ్యేసుకుని, ఒక నిట్టూర్పు విడిచి, కాగితంలో చుట్టి ఇచ్చేస్తారు. రెట్టింపు ఇచ్చి కూడా గెలిచామనుకుంటూ బయటికొస్తాం. అదే వీధిలో నూటపది చేసే గిన్నెకి నూటఇరవై చెప్పిన మనిషి దగ్గర అరవై అంటే మాత్రం ఆయన మొహం తిప్పుకుంటారు, ఇక మాట కలపరు. ధర అతికించని చోట చెప్పే మొదటి ధర చాలాసార్లు వస్తువును చూసి పుట్టదు, మిమ్మల్ని చూసి పుడుతుంది. దాన్లో సగమో పావో లెక్కకట్టి ఏం లాభం?

కాబట్టి ఏ ఊళ్ళోనైనా మొదటి రోజు ఏమీ కొనకండి, తిరగండి. ఈ పాత బజార్లలో ఒక సౌకర్యం ఉంది. ఒకే రకం సరుకు చాలావరకు ఒకే వీధిలో దొరుకుతుంది. ఇస్తాంబుల్‌లో గ్రాండ్ బజార్ అని పిలిచే కపాలీచార్షీలో అరవైకి పైగా వీధులు, సుమారు 4,000 దుకాణాలు ఉన్నాయి. బంగారం కొట్లు ముఖ్యంగా కల్పక్‌చిలర్ వీధి పొడవునా బారులు తీరి ఉంటాయి. కొనాలనుకున్న వస్తువుకి మూడు కొట్లలో ధర అడగండి. పక్కపక్క కొట్లు వద్దు. ఒకటి గేటు దగ్గర, ఒకటి నడిమధ్య, ఒకటి లోపలి సందులో. ధర అడిగి ఊరుకోండి, బదులు ధర చెప్పకండి. వస్తువు పేరు, కొలత, చెప్పిన ధర ఫోన్‌లో రాసుకోండి. మూడు అంకెలూ దగ్గరదగ్గరగా, అంటే 300, 320, 330లా ఉంటే అది ఇంచుమించు నిజం ధరే, తగ్గేది కొద్దిగానే. 300, 550, 900 అని వస్తే మటుకు అందులో గాలి చాలా ఉంది, నిజం ధర ఆ 300 కన్నా కిందే ఉందని అర్థం. మీ బ్యాంకాక్ సంచీ విషయంలో జరగనిది ఈ ఒక్క పనే. రెండో వరస దాకా ముందు నడిచి, తర్వాత కొనాల్సింది.

ధర రాసి అమ్మే చోటు ఏదైనా ఉంటే ముందు అక్కడికి వెళ్ళండి. మరాకేష్‌లో మొహమ్మద్ 5 అవెన్యూ మీద ఎన్సాంబ్ల్ ఆర్టిజానాల్ అని ప్రభుత్వ హస్తకళల కేంద్రం ఉంది. అక్కడ తోలు, కలప, ఇత్తడి పనివాళ్ళ సరుకుకి ధరలు ఇంచుమించు ఖాయం, వెంటపడి పిలిచేవాళ్ళు ఉండరు. బాగా బేరమాడితే బయట సూక్‌లో, అంటే అక్కడి పాత బజారులో, ఇంతకన్నా తక్కువకి దొరకొచ్చు. అయినా మీకు ఒక పైహద్దు చేతికొస్తుంది. సూక్‌లో దాన్ని మించి ఇవ్వాల్సిన పని లేదు.

నెట్‌లో పాత ప్రయాణ కథనాల్లో చదివిన ధరలు నమ్ముకోకండి, ముఖ్యంగా కైరో, ఇస్తాంబుల్ విషయంలో. 2024 మార్చిలో ఈజిప్టు తన పౌండును మార్కెట్‌కి వదిలేసినప్పుడు డాలరుకు 31 దగ్గరున్నది ఒక్కసారిగా 50 దాకా పోయింది. టర్కీ డబ్బు లీరా పరిస్థితీ కొన్నేళ్ళుగా అంతే. మూడేళ్ళ కిందట ఎవరో ఇచ్చిన ధర చెప్పి ఈజిప్టు దుకాణదారుతో వాదిస్తే తప్పు మీదే అవుతుంది.

ఈ తిరుగుడు అయ్యాక ప్రతి వస్తువుకీ రెండు అంకెలు అనుకోండి. ఒకటి దొరికితే బాగుండు అనిపించే ధర, రెండోది దాటకూడని ధర. రెండూ అక్కడి డబ్బులోనే ఉండాలి. బేరం మధ్యలో ఇంటి డబ్బులోకి మార్చి చూసుకున్నామంటే చెయ్యి జారుతుంది. ‘ఓస్, ఇంతేనా’ అనిపించి దాటకూడనిది దాటేస్తాం.

ఇక అసలు బేరం. మరాకేష్‌లో తోలు పూఫ్ కొంటున్నారనుకుందాం. కూర్చోడానికి వాడే గుండ్రటి దిండు అది. దూది లేకుండా చదునుగా మడిచి అమ్ముతారు, ఇంటికెళ్ళాక మనమే కుక్కుకోవాలి. బేరానికి ముందు వస్తువు చూడండి. తెల్లటి టిష్యూ కాగితం తడిపి తోలు మీద గట్టిగా రుద్దండి. రంగు అంటితే రేపు మీ చీరకీ అంటుతుంది. కుట్లు లోపలివైపు తిప్పి చూడండి, జిప్పు రెండుసార్లు లాగండి. ఇది వంకలు పెట్టడం కాదు, మౌనంగా చేసుకునే పరీక్ష. నచ్చితేనే ధర అడగండి.

మీరు అనుకున్న పైహద్దు 400 దిర్హాములు. ఆయన 800 అంటారు. వెంటనే బదులివ్వకండి. వస్తువు వైపు చూస్తూ అయిదారు సెకన్లు ఊరుకోండి. బెరుకున్నవాళ్ళకి ఇది వరం, ఏం మాట్లాడక్కర్లేదు. చాలాసార్లు ఆ మౌనానికే, ‘సరే, మీకు 700’ అని అంకె దానంతటదే కిందికి దిగుతుంది. ‘మీరెంతిస్తారు?’ అని అడిగితే అప్పుడు 250 అనండి. ఆయన నవ్వుతారు, పిల్లల సంగతి చెప్తారు, మేకతోలు అంటారు. మీరూ నవ్వండి. 650 అంటారు. మీరు 300. ఆయన 550, మీరు 330. ఆయన 450, మీరు 350. చూశారా, మీ మెట్లు 50, 30, 20 అని చిన్నవవుతున్నాయి. ఇక లోపల పెద్దగా మిగల్లేదని మాట అవసరం లేకుండా ఆ మెట్లే చెప్తాయి. చాలామంది ఇక్కడే పొరబడతారు. 250 నుంచి 300, 350, 400, 450 అంటూ సమానంగా ఎక్కుతూ పోతారు. అది చూసిన అవతలి మనిషికి ఆగాల్సిన అవసరం ఏముంటుంది?

మధ్యలో ‘మీదీ కాదు, నాదీ కాదు, మధ్యకి తెంపుదాం’ అనే ప్రతిపాదన వస్తుంది. న్యాయంగానే వినిపిస్తుంది కానీ, ఎప్పుడొచ్చిందో చూడండి. ఆయన 650, మీరు 300 దగ్గరున్నప్పుడు మధ్య అంటే 475, మీ హద్దు దాటిపోయింది. 450, 350 దగ్గర అయితే 400, సరిగ్గా హద్దు మీద ఉంది, ఒప్పుకోవచ్చు. మొదట్లో ఎవరు ఎక్కువ దూరం నుంచి మొదలుపెట్టారో నడిమధ్య వాళ్ళకే లాభం.

350 దగ్గర ఆగిపోయారు, ఆయన 450 దిగరు. అప్పుడు ‘లా, షుక్రన్’ (వద్దు, థాంక్స్) అని కాళ్ళకి పని చెప్పండి. నటన వద్దు, నిజంగానే వెళ్ళండి. తిరిగి చూడకండి. పది పదిహేను అడుగుల్లో పిలుపు వస్తే 400 దగ్గరో, 380 దగ్గరో తెగుతుంది. పిలుపు రాకపోతే ఒక విషయం ఉచితంగా తెలిసింది, ఆ వస్తువు ఆ ధరకి రాదు. పక్క కొట్లో కాస్త పైనుంచి మొదలుపెట్టండి. మొదటి కొట్టుకే తిరిగి వెళ్ళినా చిన్నతనం కాదు, కాకపోతే అక్కడ ఇక బేరం ఉండదు, ఆయన చెప్పినదే ధర.

‘లాస్ట్ ప్రైస్?’ అని మొదటి మాటే అడగడం ప్రయాణికులందరికీ అలవాటు. దాని వల్ల ఒరిగేదేమీ లేదు. వచ్చే అంకె ఆఖరిది కాదు, మొదటిదే, కాకపోతే ఆఖరిది అన్న ముద్రతో వస్తుంది. ఆ మాట ఒక్కసారే, చిట్టచివర, డబ్బు చేతిలో పట్టుకుని వాడండి.

ధర మొండికేస్తే కొసరు అడగండి. డబ్బు తగ్గించడం కన్నా చిన్న వస్తువు కలిపి ఇవ్వడం దుకాణదారుకి తేలిక, ఎందుకంటే దాన్ని ఆయన కొన్న ధరకి లెక్కేసుకుంటారు, మీరు అమ్మే ధరకి లెక్కేసుకుంటారు. పెరూ, బొలీవియా బజార్లలో దీనికి అచ్చంగా ఒక మాటే ఉంది, యాపా. కొలిచి ఇచ్చాక పైన వేసే పిడికెడును అలా అంటారు, అడిగితే ఎవరూ తప్పుపట్టరు. రెండుమూడు వస్తువులు కొనేటప్పుడు మొదట ఒక్కదానికే బేరం పూర్తిచేయండి. అది తెగాక, ‘మూడు తీసుకుంటే?’ అనండి. ముందే మూడు అని చెప్పేస్తే ఆ తగ్గింపు కూడా మొదటి ధరలో కలిపేసి చెప్తారు.

భాష గురించి బెంగ అక్కర్లేదు. ఊరికి రెండు మూడు మాటలు చాలు. ఇస్తాంబుల్‌లో ఎంత అనడానికి ‘నే కదర్’, చాలా ఎక్కువ అనడానికి ‘చోక్ పహాలీ’. కైరోలో ‘బికామ్’, ‘ఘాలీ అవీ’. మరాకేష్‌లో ‘బిష్‌హాల్’, ‘ఘాలీ బెజ్జాఫ్’. వద్దు అనడానికి ఈ చివరి రెండు ఊళ్ళలోనూ ‘లా, షుక్రన్’. వీటికన్నా అవసరమైనవి కైరోలో అంకెలు. అక్కడ ధరలు అరబ్బీ అంకెల్లో రాస్తారు. గుండ్రటి సున్నాలా కనిపించేది అయిదు. సున్నా వట్టి చుక్క. మనం రాసే 7లా కనిపించేది ఆరు. ఇంగ్లిష్ వీ అక్షరంలా ఉన్నది ఏడు, దాన్ని తలకిందులు చేస్తే ఎనిమిది. అంటే ఒక గీత, ఒక వృత్తం, ఒక చుక్క కనిపిస్తే అది 150. అంకెలు ఎడమ నుంచి కుడికే చదవాలి. కారు నంబర్ పలకల మీదా ఇవే అంకెలు ఉంటాయి. విమానాశ్రయం నుంచి హోటల్‌కి వెళ్ళేలోపు ముందు వెళ్ళే కార్లు చదువుతూ కూర్చుంటే వచ్చేస్తాయి. నోట్లకి ఒకవైపు మనకి తెలిసిన అంకెలే ఉంటాయి కాబట్టి డబ్బుతో ఇబ్బంది లేదు. ఒక్క జాగ్రత్త, అక్కడ 50 పౌండ్ల నోటూ ఉంది, 50 పియాస్టర్ల నోటూ ఉంది. రెండోది మొదటిదాంట్లో నూరో వంతు. పెద్దది తీసుకుని చిన్నది చూపించి, ‘మీరిచ్చింది ఇదే’ అనే మోసం పాతది. నోటు ఇచ్చేటప్పుడు అంకె బయటికి చెప్పి చేతిలో పెట్టండి.

భాష రానివాళ్ళ మధ్య కాలిక్యులేటర్ తిరుగుతుంటుంది. ఆయన 900 కొట్టి మీకిస్తే దాని మీద చూపు నిలపకండి. వెంటనే చెరిపేసి మీ అంకె కొట్టి తిరిగి ఇవ్వండి. తెర మీద ఎవరి అంకె ఉంటే మాట దాని చుట్టూనే తిరుగుతుంది.

ధర తెగిందనుకున్నాక కూడా దెబ్బతినే చోటు ఒకటుంది. అంకె ఒప్పుకున్నారు కానీ ఏ డబ్బో, దేనికో ఒప్పుకోలేదు. కైరోలో ‘యాభై పౌండ్లు’ అంటే చివర్లో బ్రిటిష్ పౌండ్లు అనొచ్చు. ఇస్తాంబుల్ కార్పెట్ కొట్లలో ధర యూరోల్లోనో డాలర్లలోనో చెప్పి, లీరాలోకి మార్చేటప్పుడు సొంత రేటు కడతారు. మొదటి నుంచీ లీరాలోనే అడగండి. మొరాకోలో పాతకాలపు వాళ్ళు రియాళ్ళలో లెక్క చెప్తారు, 20 రియాళ్ళు ఒక దిర్హాము. కూరల దగ్గర ‘వంద’ అని వినబడి ఉలిక్కిపడితే అది నిజానికి 5 దిర్హాములు కావచ్చు. మసాలా దినుసుల పలక మీద రాసిన ధర కిలోకా, 100 గ్రాములకా అడగండి. కుంకుమపువ్వు అయితే గ్రాముకి. ఇస్తాంబుల్ మసాలా బజారులో ‘టర్కిష్ సాఫ్రాన్’ అని చవకగా గుట్టలు పోసి ఉండేది కుసుమపువ్వు, అసలుది కాదు. అసలు రేకలు గోరువెచ్చటి నీళ్ళలో వేస్తే నీళ్ళు మెల్లగా పసుపెక్కుతాయి, రేక ఎర్రగానే ఉంటుంది. వేసిన మరుక్షణం నీళ్ళు ఎర్రబడితే అది రంగు. గీజా పిరమిడ్ల దగ్గర ఒంటె ఎక్కేముందు ధర ఇద్దరికా ఒక్కరికా, ఎంతసేపు అనే కాదు, దిగడానికి కూడా కలిపేనా అని అడగండి. నవ్వులాటకి అనడం లేదు, దిగేటప్పుడు వేరే అడగడం అక్కడ మామూలే.

కైరో ఖాన్ అల్ ఖలీలీ బజారులో పపైరస్ కాగితం మీది బొమ్మలు కొనేటట్టయితే వెలుతురుకి ఎత్తి చూడండి. అసలు పపైరస్‌లో నిలువు, అడ్డం పట్టీలు ఒకదాని మీద ఒకటి వేసినట్టు గళ్ళుగా కనిపిస్తాయి, చుట్టినా చిట్లదు. అరటిఆకుతో చేసిన నకిలీది చుడితే పెళుసుగా విరుగుతుంది. ఇత్తడి దీపానికి చిన్న అయస్కాంతం చాలు. అతుక్కుంటే లోపల ఇనుము. ఇలాంటి పరీక్ష ఒక్కటి నేర్చుకుంటే గంట బేరం కన్నా ఎక్కువ మిగులుతుంది. నకిలీని మూడో వంతు ధరకి తెచ్చుకున్నా నష్టమేగా?

బంగారం వేరు. గ్రాము ధర రోజూ ప్రకటిస్తారు, దాని మీద బేరం లేదు. తూకం, క్యారెట్ చూసుకుని మజూరీ మీద మాత్రమే అడగండి. 22 క్యారెట్లకి 916, 18కి 750, 14కి 585 అని ముద్ర ఉంటుంది. టర్కీలో 14 క్యారెట్ల నగలూ బాగా అమ్ముతారు కాబట్టి ఆ మూడంకెలు చదవకుండా గ్రాము ధర పోల్చకండి.

ఇక మీవారి సంగతి, న్యాయం సంగతి. ఎక్కడ ధర అతికించి లేదో, ఎక్కడ కొనేవాళ్ళని బట్టి ధర మారుతుందో అక్కడ బేరం తప్పు కాదు. అది వాళ్ళ పద్ధతే, మీరు పుట్టించింది కాదు. మర్యాద తప్పేది వేరేచోట. కొనే ఉద్దేశం లేకుండా ధర చెప్పడం తప్పు. మీరు చెప్పిన ధరకి ఆయన సరే అంటే కొనాల్సిందే, కైరోలో అయినా ఇస్తాంబుల్‌లో అయినా. మీవారు చేస్తున్న పొరపాటు సగానికి అడగడం కన్నా ఇదే. రెండోది వస్తువును తిట్టడం. ‘ఇది నాసిరకం’ అంటే, మరి నాసిరకానికి ఇంతసేపు ఎందుకు నిలబడ్డారని ఎదుటి మనిషికి తోస్తుంది. ‘చాలా బాగుంది, నా దగ్గర ఉన్నది ఇంతే’ అనే మాటకి ధర తగ్గినంతగా తిట్టుకి తగ్గదు. గొంతు పెరిగితే బేరం పోయినట్టే. చివరి పది ఇరవై నాణేల కోసం వాదులాట వద్దు, అక్కడ వదిలేయండి.

బేరమే ఆడకూడని చోట్లు కొన్ని. ధర పలక ఉన్న తిండి కొట్లు, మీటరు వేసిన టాక్సీ, ఊరి వాళ్ళు కూరలు కొనే సంత. సంతలో మీ ముందు నిలబడ్డ ఆవిడ ఎంతిచ్చిందో చూసి అంతే ఇవ్వండి. తాను నేసినది తానే అమ్ముకునే మనిషి దగ్గర, ముఖ్యంగా నేతపనిలో, రోజుల తరబడి కూలి ఉంటుంది. అక్కడ పది శాతానికి మించి అడగాలని మేం చెప్పం. నలుగురు కుర్రాళ్ళని పెట్టి వీధిలోంచి జనాన్ని లాక్కొచ్చే పెద్ద కొట్టు దగ్గర ఈ మొహమాటం అక్కర్లేదు. మిమ్మల్ని ఎవరైనా చెయ్యి పట్టుకుని కొట్టుకి తీసుకెళ్తే మీరు కట్టే దాంట్లో వాళ్ళ వాటా కూడా ఉంటుంది. మొరాకోలోని ఫేజ్ ఊళ్ళో తోళ్ళు పదును చేసే తొట్ల పైమేడకి, కంపు తెలియకుండా పుదీనా ఇచ్చి తీసుకెళ్ళే గైడ్లకీ, పక్కనున్న తోలు కొట్లకీ ఉన్న బంధం అదే. చూడ్డానికి గైడుతో వెళ్ళండి, కొనడానికి మళ్ళీ ఒంటరిగా వెళ్ళండి. టర్కీలో టీ ఇస్తే తాగొచ్చు. తాగినంత మాత్రాన కొనాలని లేదు.

వేళ కూడా చూసుకోండి. కపాలీచార్షీ ఆదివారం మూసి ఉంటుంది, మసాలా బజారు తెరిచి ఉంటుంది. కైరోలో శుక్రవారం మధ్యాహ్న ప్రార్థన వేళ చాలా కొట్లు మూస్తారు. బోణీ బేరానికి టర్కీలో ‘సిఫ్తాహ్’ అనే మాటే ఉంది. వియత్నాంలో ఈ పట్టింపు ఇంకా ఎక్కువ. పొద్దున్నే వచ్చిన మొదటి మనిషి బేరమాడి కొనకుండా వెళ్తే ఆ రోజంతా వ్యాపారం చెడుతుందని నమ్ముతారు, కొందరు కాగితం కాల్చి దిష్టి తీసుకుంటారు కూడా. కాబట్టి పొద్దున్నే వెళ్తే కొనడానికే వెళ్ళండి, తక్కువ లాభానికి ఇస్తారు. ధరలు కనుక్కునే తిరుగుడు పది దాటాక పెట్టుకోండి. అక్కడ వేలు అనే మాట మింగేసి, 50,000 డాంగ్‌లని ‘యాభై’ అంటారు. 20,000 నోటూ 500,000 నోటూ రెండూ నీలిరంగే. సందె చీకట్లో ఒకదానికి ఒకటి ఇచ్చామంటే ఇరవై అయిదు రెట్లు పోయినట్టు. ఈ పెద్ద నోట్లని పర్సులో వేరే అరలో పెట్టుకోండి. బ్యాంకాక్‌లో మళ్ళీ పద్ధతి వేరు. చతుచక్ మార్కెట్ లాంటి చోట మొదటి ధరలోనే గాలి తక్కువ, నవ్వుతూ అడిగితే పది పదిహేను శాతం, మూడు కొంటే ఇంకాస్త. అక్కడ మరాకేష్ బేరం మొదలుపెడితే మొహం ముడుచుకుంటారు.

డబ్బు ఇచ్చేటప్పుడు. అనుకున్న పైహద్దు మేరకే చిల్లర నోట్లు ఒక జేబులో విడిగా ఉంచుకోండి. 380కి బేరమాడి 1,000 లాగేంత నోట్ల కట్ట బయటికి తీస్తే ఇబ్బందిగా ఉంటుంది, చిల్లర లేదనే మాట కూడా వస్తుంది. కార్డు గీకితే మెషీన్ ‘మీ దేశపు డబ్బులోనా, ఇక్కడి డబ్బులోనా’ అని అడుగుతుంది. ఎప్పుడూ అక్కడి డబ్బే నొక్కండి. మీ దేశపు డబ్బు నొక్కితే మార్పిడి రేటు వాళ్ళది, చెమటోడ్చి తగ్గించినదాంట్లో కొంత అక్కడే పోతుంది. చుట్టి కట్టేదాకా వస్తువు మీద కన్ను వేసి నిలబడండి. లోపలికి తీసుకెళ్ళి కట్టి తెస్తామంటే వద్దనండి.

కార్పెట్ కొంటే కుచ్చు చూడండి. చేత్తో ముడులేసినదానికి కుచ్చు అనేది పడుగు దారాల కొనే, విడిగా కుట్టింది కాదు. కుట్టి అతికించినట్టుంటే మర నేసినదే. వెనక్కి తిప్పితే ముడులు విడివిడిగా కనిపించాలి. ధర చదరపు మీటరుకి ఎంతో లెక్కకట్టి రెండు కొట్ల మధ్య పోల్చండి. ఇంటికి పంపిస్తామంటే వెనకవైపు మీ సంతకం పెట్టి, ఫోటో తీసుకుని, కొలతలు రాసిన రసీదు మీద పంపే ఖర్చు కలిపారో లేదో రాయించుకోండి. వీలైతే మోసుకుపోవడమే మేలు. ‘చాలా పాతది, సమాధిలో దొరికింది’ అని ఎవరైనా చెవిలో చెప్తే ఆ కొట్టు వదిలేయండి. నూటికి తొంభైతొమ్మిది పాళ్ళు అబద్ధం. నిజమైతే ఇంకా ప్రమాదం, ఈజిప్టులో 1983 నాటి 117వ చట్టం ప్రకారం పురావస్తువులు దేశం దాటించడం నేరం. టర్కీలోనూ అంతే, పాత కార్పెట్‌కి మ్యూజియం ధ్రువపత్రం లేకపోతే విమానాశ్రయంలో ఆపేస్తారు.

చివరగా, మీరిద్దరూ జంటగా వెళ్తున్నారు కాబట్టి పని పంచుకోండి. వస్తువు నచ్చేది మీకు, డబ్బు ఉండేది ఆయన దగ్గర. అంకెలు మీరు చెప్పండి, ఆయన కొట్టు గడప దగ్గర నిలబడి గడియారం చూసుకుంటూ ఉంటే చాలు, వంకలు పెట్టే సరదా ఉంటే ఎండ మీద పెట్టమనండి. ‘ఎక్కడ దిగారు?’ అంటే హోటల్ పేరు చెప్పకండి, అది మీ పర్సు బరువు తూచే ప్రశ్న. ‘మొదటిసారి వచ్చారా?’ అన్నదీ అదే బాపతు. మీలో మీరు తెలుగులో మాట్లాడుకోవచ్చు, అంత రహస్య భాష వాళ్ళకి దొరకదు. కానీ తెలుగు మాట్లాడేవాళ్ళం అందరం చేసే తప్పు ఒకటుంది, ‘ఫోర్ హండ్రెడ్ దాకా పోదామండీ, మహా అయితే ఫోర్ ఫిఫ్టీ’ అంటాం. మాటలన్నీ తెలుగు, అంకెలు మాత్రం ఇంగ్లిష్. ఎదుటి మనిషికి కావలసిందల్లా ఆ అంకే. విమానంలో తీరిక దొరుకుతుంది కాబట్టి ఇరవై నుంచి తొంభైతొమ్మిది దాకా తెలుగు అంకెలు మీవారి చేత ఒకసారి వల్లె వేయించండి. డెబ్బై ఎనిమిది అంటే ఎంతో తడుముకోకుండా చెప్పేదాకా బజారులోకి తీసుకెళ్ళకండి.